తల్లి రాని పిల్లలు

"శవాలేవమ్మా?" అన్నాడు పశువుల ఆఫీసులో ఆఫీసరు. ఆ అడిగే తీరు చూస్తే మందక్క వాటిని ఇంటి దగ్గర మర్చిపోయి వచ్చిందేమో, ఇప్పుడు వెళ్ళి పట్టుకొస్తుందేమో అన్నట్టుంది.

"ఏరు పట్టుకుపోయింది సార్," అంది మందక్క.

"ఫొటోలు?"

"కొట్టుకుపోతుంటే ఫొటోలు ఎవరు తీస్తారు సార్? మా ఆయన పీకల్లోతు నీళ్ళలో ఉన్నాడు."

"చెవిబిళ్ళల నంబర్లు?"

"ఆవులకీ గేదెలకీ వేశారు. గొర్రెలకి వచ్చే ఏడు వేస్తామన్నారు. అన్నది మీవాళ్ళే."

ఆఫీసరు దరఖాస్తు మీద ఎర్ర ఇంకుతో ఏదో రాసి పక్కన పెట్టాడు. ఆయన అసలు పేరు తలుపు మీద బోర్డులో ఉంది గానీ దాన్ని చదివినవాళ్ళు తక్కువ. జిల్లా అంతా ఆయన్ని కొర్రీలాయన అంటారు. చేతిలో పడ్డ ఏ కాగితాన్నీ ఏదో ఒక కొర్రీ వెయ్యకుండా కదలనివ్వడు. పోనీ లంచం తింటాడా అంటే అదీ లేదు. అలాంటి మనిషిని దారికి తెచ్చే దారేదో ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

జరిగిందేమిటంటే, ఐదు రోజుల కింద నడిమధ్యాహ్నం పూట, నెత్తిన ఎండ కాస్తుండగానే, పైనెక్కడో కురిసిన వానకు ఏరు ఒక్కసారిగా పొంగింది. మందక్క మొగుడు అరవై ఎనిమిది గొర్రెల్ని ఏటి ఒడ్డున పల్లంలో మేపుతున్నాడు. ముప్పై ఒకటిని గట్టెక్కించాడు. ముప్పై రెండోదాని కోసం మళ్ళీ దిగితే కొట్టుకొచ్చిన దుంగ ఒకటి తగిలి కాలు విరిగింది. మిగిలిన ముప్పై ఏడూ ఆయన కళ్ళముందే పోయాయి. ఇప్పుడు కాలికి కట్టుతో వసారాలో మంచం మీద పడుకుని, వచ్చినవాళ్ళందరికీ ఆ ముప్పై రెండోదాని గురించే చెబుతున్నాడు.

వరదలో పోయిన ప్రతి గొర్రెకూ ఇంత అని సర్కారు అత్యవసర సాయం ప్రకటించింది. చేతినుంచి కాస్త వేసుకుంటే ఆ డబ్బుతో పోయినదానికి బదులు ఇంకొకటి కొనుక్కోవచ్చు. రాకపోతే మిగిలిన ముప్పై ఒకటితో సంసారం గడవదు. వాటినీ అమ్మేసి ఇటుక బట్టీకి పనికి పోవాల్సిందే. మందక్క పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ గొర్రెలే ఆమె బతుకు. ఆ కాగితం మీద ఎర్ర ఇంకు చూస్తే ఆమెకు ఒళ్ళు మండింది.

"శవాలు లేవు సార్. పిల్లలున్నాయి," అంది.

"ఏ పిల్లలు?"

"గొర్రెపిల్లలు. పాలు తాగే పిల్లల్ని మేతకు తోలుకెళ్ళం సార్, అంత దూరం నడవలేవు. పొద్దున తల్లుల దగ్గర తాగించి, ఇంటి దగ్గర పిల్లల దొడ్లో పెట్టి తలుపేస్తాం. సాయంత్రం తల్లులొచ్చాక వదులుతాం. వరదొచ్చిన రోజు తల్లులు ఏటి దగ్గరున్నాయి, పిల్లలు దొడ్లో ఉన్నాయి. ఆ సాయంత్రం తలుపు తీస్తే..." మందక్క బల్ల మీదకు వంగింది. "గొర్రె తన పిల్లకి తప్ప ఇంకో పిల్లకి పాలివ్వదు సార్. వాసన చూస్తుంది. తనది కాకపోతే తన్ని తరిమేస్తుంది. మీరొచ్చి నిలబడండి. మీ కళ్ళముందే తలుపు తీస్తాను. తల్లి ఉన్న పిల్ల తల్లి దగ్గరికి పోతుంది. మిగిలిపోయినవాటిని లెక్కపెట్టుకోండి. అవే నా ఫొటోలు."

కొర్రీలాయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. కొర్రీ వెయ్యడానికి ఆయనకు ఎప్పుడూ ఎక్కువసేపు పట్టదు.

"తల్లుల్ని ఎక్కడో దాచేసి, చచ్చాయని నువ్వు నాకు చెప్పడం లేదని గ్యారంటీ ఏంటి?"

"వచ్చి చూడండి సార్," అని మాత్రం అంది.

ఆయన క్యాలెండరు వైపు చూశాడు. "ఇవాళ్టికి పన్నెండో రోజు సాయంత్రం వస్తాను. ఆ తర్వాత రెండు రోజులకే గడువు అయిపోతుంది. అప్పటికి పిల్లలుంటే చూస్తాను. లేకపోతే ఈ కాగితం ఇక్కడే ఉంటుంది."

పన్నెండు రోజులు. తల్లిలేని పిల్లలు ఇరవై తొమ్మిది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని లెక్క వేసుకుంటే మందక్కకు కళ్ళు తిరిగాయి. అయినా లేచి నడిచింది.

ఇంటికొచ్చేసరికి మరిది మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. ఆమె మొగుడికి తమ్ముడు, రోడ్డవతల వాళ్ళ ఇల్లు. అతని మంద ఆ రోజు మెట్ట వైపు వెళ్ళింది కాబట్టి ఒక్కటీ పోలేదు. ఆ సంగతికి అతను అన్నావదినల ముందు సిగ్గుపడుతున్నాడు, నేరం చేసినవాడిలాగా. చాలా మంచివాడు. ఆలోచించడం ఒక్కటే అతనికి ఎప్పుడూ పనైపోయాక గుర్తొస్తుంది.

"అదెంత పని వదినా!" అన్నాడు సంగతంతా విని. "బతికిన గొర్రెల పాలు పిండి ఆ పిల్లల తోకలకి రాద్దాం. రెండు రోజులు పట్టి తాగిస్తే వాసన కలిసిపోతుంది, చేరదీస్తాయి. పిల్లలు బతుకుతాయి."

ఏ కాపరైనా చేసేది అదే. మందక్క కూడా ఇంకెప్పుడైనా అయితే అదే చేసేది.

"చేరదీస్తే ఆఫీసరు వచ్చినప్పుడు అన్నిటికీ తల్లులుంటాయి. అప్పుడు నేనేం చూపించను, నీ మొహమా?" అంది.

మంచం మీంచి మొగుడు మూలిగాడు. "ఎందుకే ఈ తిప్పలన్నీ? బేరగాడు పొద్దున్నే వచ్చి వెళ్ళాడు. మిగిలినవాటిని పిల్లలతో సహా గంపగుత్తగా తీసుకుంటానన్నాడు. ఇచ్చేసి బట్టీకి పోదాం."

"పోదామంటే? ఈ కాలేసుకుని నువ్వు ఇటుకలు మోస్తావా? నన్నొక్కదాన్నే తోలి నువ్వు మంచం మీంచి పురమాయిస్తావా?"

ఆమె మాట కటువుగా ఉన్నా, ఆ వెంటనే వంగి ఆయన కాలి కింద దిండు సరిచేసింది.

ఆ పన్నెండు రోజులూ మందక్క కాలికి బలపం కట్టుకుని తిరిగింది. మేకలున్న ప్రతి ఇంటికీ పోయి పాలడిగింది. డబ్బుల్లేవు, సాయం వస్తే ఇస్తానంది, రాకపోతే గొర్రెల ఎరువు తోలతానంది. కొందరు ముఖం మాడ్చుకుని ఇచ్చారు, కొందరు నవ్వుతూ ఇచ్చారు, ఎలా ఇచ్చినా ఆమెకు పాలే కావాలి. ఆరు సీసాలు, ఆరు రబ్బరు పీకలు. రోజుకు నాలుగుసార్లు, ఒక్కో పిల్లనీ మోకాళ్ళ మధ్య పట్టుకుని తాగించాలి. అంతవరకూ పాలలో ముంచిన గుడ్డ చప్పరించి ప్రాణం నిలబెట్టుకున్న పిల్లలు, మొదటి రెండు రోజులూ పీక నోట్లో పెట్టుకోక మొహం తిప్పేసుకున్నాయి. ఆమె తలప్రాణం తోకకొచ్చింది. మూడో రోజు ఒకటి తాగింది, దాన్ని చూసి ఇంకొకటి. మొగుడు మంచం మీంచే రెండేసి పిల్లల్ని చంకల్లో పెట్టుకుని తాగించడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక ఆ ముప్పై రెండోదాని గురించి చెప్పడం కాస్త తగ్గించాడు. ఇరవై తొమ్మిదిలో ఒక్కదాన్ని కూడా మందక్క పోనివ్వలేదు.

పన్నెండో రోజు సాయంత్రం కొర్రీలాయన జీపు దిగాడు. చంకలో ఫైలు, జేబులో రెండు పెన్నులు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. దొడ్డి చుట్టూ ఒకసారి తిరిగి, గేటు దగ్గర నిలబడి, "కానివ్వండి," అన్నాడు.

తల్లులు అప్పటికే మేతనుంచి తిరిగొచ్చి పొదుగులు నిండి అరుస్తున్నాయి. లోపల పిల్లలు అంతకు రెట్టింపు గోల పెడుతున్నాయి. మందక్క వెళ్ళి పిల్లల దొడ్డి తలుపు తీసింది.

అవి బయటికి వచ్చిన వేగానికి కొర్రీలాయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఆవరణంతా దుమ్ము లేచింది. ప్రతి గొర్రే తల వంచి ఎదురైన పిల్లనల్లా తోక దగ్గర వాసన చూసింది, తనది కాకపోతే ఒక్క కుమ్ము కుమ్మింది. తనది దొరకగానే కదలకుండా నిలబడిపోయింది. నిలబడ్డచోటల్లా ఒక పిల్ల ముందుకాళ్ళ మీద వంగి, తోక టపటపలాడిస్తూ తాగడం మొదలుపెట్టింది. పట్టుమని పది నిమిషాలు కాలేదు, తల్లులన్నీ ఒక పక్కకి సర్దుకున్నాయి. మిగిలిన పిల్లలు ఆవరణ మధ్యలో గుంపుగా నిలబడి అరుస్తున్నాయి. ఏ తల్లి దగ్గరికి పోయినా తన్నులే తిన్నాయి.

"ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు కొర్రీలాయన తనలో తను అనుకున్నట్టుగా. తర్వాత గుంపు చుట్టూ తిరిగి పెన్నుతో గాలిలో గుచ్చుతూ లెక్కపెట్టాడు. "ముప్పై రెండు."

మందక్క గిరుక్కున తిరిగింది. ముప్పై రెండేమిటి? ఇరవై తొమ్మిది కదా! పరీక్షగా చూసింది. అదిగో, మూతి మీద నల్లమచ్చది ఒకటి. చెవులు మడతబడ్డది ఒకటి. దాని వెనక బొద్దుగా ఇంకొకటి. పన్నెండు రోజులు మేకపాలు తాగిన పిల్లకి అంత బొద్దు ఎక్కడినుంచి వస్తుంది? అవి తన పిల్లలు కావు, మరిదివి.

తలెత్తి మరిది వైపు చూసింది. అతను గోడవారన నిలబడి, పైకి ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆకాశంలో ఏమీ లేదు. వదినకి మేలు చేద్దామని, ఆఫీసరు వచ్చే హడావిడిలో వెనకవైపు నుంచి మూడు పిల్లల్ని లోపల పడేశాడన్నమాట.

చెప్పెయ్యాలి. ఆమెకు తెలుసు. కానీ మూడు పిల్లలంటే మూడు తల్లులు, మూడు తల్లులంటే మూడు గొర్రెల సొమ్ము. పెన్ను కాగితం మీద కదులుతోంది. మందక్క వంగి, కాళ్ళ దగ్గరున్న పిల్ల వీపు మీద దుమ్ము దులపసాగింది.

అప్పుడు రోడ్డు మీంచి కేక వినిపించింది. గొర్రె కేకే. ఒక పెద్ద గొర్రె పరుగున వచ్చి, ఒక్క గెంతులో గోడ దూకి, జీపు డ్రైవరు కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయి, నల్లమచ్చ పిల్ల దగ్గర ఆగింది. మెడలో తెగిన తాడు వేలాడుతోంది. దాని వెనకే ఇంకో రెండు. గోడ దూకలేక గేటు దగ్గర కొర్రీలాయనని పక్కకి నెట్టేసి మరీ లోపలికి వచ్చాయి. మూడు పిల్లలూ మూడు తల్లుల కింద దూరి జుర్రుకుంటున్నాయి.

కొర్రీలాయన ప్యాంటు దులుపుకున్నాడు. "ఇవెవరివి?"

మరిది నీళ్ళు నమిలాడు. "నావే సార్. మా దొడ్లో... తాడేసి కట్టాను సార్."

చిన్నప్పటినుంచీ గొర్రెలు కాసినవాడు. పాల పొద్దుకి పిల్ల గొంతు వినపడే దూరంలో తల్లిని తాడుతో ఆపొచ్చనుకున్నాడు. అతని అన్న మంచం మీద అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"చాలమ్మా," అన్నాడు కొర్రీలాయన. ఫైలు మూసేశాడు. "చూడాల్సింది చూశాను."

పన్నెండు రోజుల కష్టం, ముప్పై ఏడు గొర్రెలు, పెళ్ళయిన నాటినుంచీ నడిపిన మంద, అన్నీ ఆ ఫైల్లో మూసుకుపోతున్నాయి. మందక్క వెళ్ళి ఆయన దారికి అడ్డంగా నిలబడింది.

"ఆగండి సార్. తప్పు జరిగింది. మావాడు బుద్ధి తక్కువై చేశాడు. అవి మావి కావని నేను గుర్తుపట్టాను. గుర్తుపట్టి కూడా నోరు మూసుకున్నాను. దానికి నా మీద ఏం రాసుకుంటారో రాసుకోండి. కానీ ఒక్క మాట. మొదటిరోజు మీరు నన్నేం అడిగారు? తల్లుల్ని ఎక్కడో దాచలేదని గ్యారంటీ ఏంటన్నారు. అవునా?"

"అన్నాను."

"ఆ రోజు నాకు జవాబు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. మీరూ చూశారు. మావాడు దాచాడు సార్! రోడ్డవతల దొడ్లో తాడు కట్టి మరీ దాచాడు. ఎంతసేపు దాగాయి? పిల్ల అరుస్తుంటే ప్రాణమున్న తల్లి ఆగదు సార్. తాడుంటే తెంపుకుంటుంది, గోడుంటే దూకుతుంది. పోనీ చాలా దూరంలో అమ్మేశానంటారా? పాలిచ్చే తల్లిని పిల్ల లేకుండా ఏ బేరగాడు కొంటాడో సంతలో ఎవర్నైనా అడగండి. ఆ మూడింటి తల్లులూ బతికున్నాయి, వచ్చాయి. ఈ ఇరవై తొమ్మిదీ ఎప్పటినుంచి అరుస్తున్నాయి? ఒక్కటి వచ్చిందా?"

అక్కడిదాకా బాగానే మాట్లాడింది. వరద వచ్చిన రోజు నుంచీ ఆమె కంట్లో తడి ఎవరూ చూడలేదు, మొగుడితో సహా.

"ఒక్కటి కూడా రాలేదు సార్," అని ఏడ్చేసింది.

కొర్రీలాయన చేతి గడియారం చూసుకున్నాడు. "ఎవరూ మాట్లాడకండి," అన్నాడు. "ఇంకో అరగంట చూద్దాం."

చూశారు. ఆయన గేటు దగ్గరే నిలబడి, ఏటి దారి వైపు, మెట్ట దారి వైపు, రోడ్డు వైపు మార్చి మార్చి చూశాడు. డ్రైవరు జీపు రేడియో కట్టేశాడు. పిల్లలు అరిచి అరిచి గొంతులు బొంగురుపోయాయి. పొద్దు వాలింది. ఏ దారినా ఏ గొర్రే రాలేదు. చివరికి మందక్కే ఉండబట్టలేక పాలసీసాలు తెచ్చింది. ఆమెని చూడగానే ఇరవై తొమ్మిదీ ఒక్కసారిగా ఆమె మీదకు ఎగబడ్డాయి.

కొర్రీలాయన అప్పుడు కుర్చీ అడిగి తెప్పించుకుని కూర్చున్నాడు. ఫైలు తెరిచాడు. "ఇరవై తొమ్మిది," అని పెన్ను ఆనించాడు.

"ఇరవై ఎనిమిది రాయండి సార్," అంది మందక్క, ఒక పిల్ల నోట్లోంచి పీక లాగకుండానే. "అదిగో, ఆ రెండూ కవలలు. వాటికి తల్లి ఒకటే."

మంచం మీంచి మొగుడు, "ఓసి నీ నిజాయితీ తగలెయ్య!" అన్నాడు, వినపడకూడదనుకుని, అందరికీ వినపడేట్టుగా.

కొర్రీలాయన తలెత్తాడు. "మీ దరఖాస్తులో ముప్పై ఏడని ఉంది కదా?"

"మిగతా తొమ్మిదీ చూలువి సార్. ఇవాళో రేపో ఈనేవి. వాటి పిల్లలు వాటితోపాటే పోయాయి. ఆ తొమ్మిదింటికీ నా దగ్గర చూపించడానికేం లేదు."

ఆయన కాసేపు పెన్ను మూతతో ఫైలు మీద కొట్టాడు. తర్వాత రాశాడు, రాసింది పైకి చదివాడు. "ముప్పై ఏడు."

"సార్, తొమ్మిదింటికి సాక్ష్యం..."

"ఫారంలో 'విచారణలో తేలిన సంఖ్య' అని ఒక గడి ఉంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేనెప్పుడూ దాన్ని సొంతంగా నింపలేదు. మూడు దొంగపిల్లల సంగతి మీ నోటితో మీరే ఒప్పుకున్నారు. అడక్కుండానే ఒకటి తగ్గించారు. ఇలాంటి మనిషి తొమ్మిది పెంచి చెబుతుందని రాయడానికి నాకు కొర్రీ దొరకట్లేదు." కాగితం ఆమె వైపు తిప్పాడు. "ఇక్కడ సంతకం."

మందక్క చేతులకున్న పాలు కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టింది. పెట్టాక నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. మరిది గోడవారనే కూలబడి ఆమె బదులు కూడా ఏడ్చాడు. ఏడుపయ్యాక మంచినీళ్ళు తెచ్చి ఆఫీసరుకిచ్చాడు. ఈసారి ఆయన తాగాడు.

జీపెక్కుతూ ఆగాడు. "ఏటి పొడవునా శవాల్లేవని నేను తిప్పి పంపిన కాగితాలు ఇంకో నలభై ఉన్నాయి. వాళ్ళలో పిల్లల్ని అమ్ముకోనివాళ్ళు ఎంతమందో తెలియదు. గడువు రెండు రోజులే. రేపు తెల్లవారగానే జీపు పంపిస్తే వస్తారా? ఏ పిల్లకి ఏది తల్లో నాకు తెలియదు."

"ఏడింటికి పంపండి సార్. ముందు నా పిల్లలకి పాలు పట్టాలి," అంది మందక్క.

ఆ రెండు రోజులూ ఆమె ఆఫీసరు పక్కన కూర్చుని ఏటి పొడవునా తిరిగింది. దొడ్డి తరవాత దొడ్డి. ఆమె తలుపు తియ్యమంటే తీశారు, ఆగమంటే ఆగారు. ఒకచోట ముసలి కాపరి ఒకాయన ఐదు పిల్లలు ఎక్కువ చూపించబోతే, ఆఫీసరు కంటే ముందు ఆమే వాటిని చెవి పట్టి పక్కకి లాగేసింది. ఇంకోచోట ఒక్క పిల్లే మిగిలిన ఇల్లాలితో పాటు కూర్చుని ఆ పిల్లకి పాలు పట్టింది. నలభైలో ముప్పై నాలుగు కాగితాలు ఎర్ర ఇంకు దాటాయి.

మూడు వారాలకు డబ్బు పడింది. మొగుడు కర్ర ఊతంతో నిలబడ్డాడు. మేకలవాళ్ళ బాకీలన్నీ తీర్చేసి, మరిదిని వెంటబెట్టుకుని మందక్క సంతకు వెళ్ళింది. వరద తర్వాత ఆ సంతకు వచ్చిన కాపరులంతా అమ్మడానికే వచ్చారు. ఆమెని చూసి కూడా అలాగే అనుకుని, గొర్రెలమ్మే మనిషి ఒకాయన పక్కకి జరిగి చోటిచ్చాడు.

"జరక్కన్నా," అంది మందక్క. "నీ దగ్గర పాలిచ్చే ఈడు గొర్రెలు ఎన్నున్నాయి?"

"పదీ పన్నెండు ఉంటాయి. ఎన్ని కావాలి?"

"అన్నీ కావాలి. నీవీ, ఆ పక్కాయనవీ, ఆ చివరాయనవీ. ముప్పై దాకా చూస్తాను."

అతను నోరు వెళ్ళబెట్టి, తేరుకుని, బేరంలోకి దిగాడు. "పిల్లలతో కలిపి జతగా తీసుకో అక్కా, చవగ్గా వేస్తాను."

"పిల్లలొద్దు," అంది మందక్క. "పిల్లలు నా దగ్గరున్నాయి."